రాతికమ్మకు పేపరు మార్చిందెవరు?

దయ్యాల్ని నేను నమ్మను. మాది వరంగల్ కాశిబుగ్గలో మూడు తరాల క్రైస్తవ కుటుంబం. ఆదివారం పాస్టరు గారు చెప్పే ఆత్మతో తప్ప ఇంకో ఆత్మతో మాకు రాకపోకల్లేవు. పైగా నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టర్ని. ఎన్నో చింతచెట్ల కింద నిలబడి పాఠాలు చెప్పాను గానీ, ఒక్క దయ్యం కూడా హాజరు పలకలేదు.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకుంటాను. నేను కోతలరాయుణ్ణి. పిల్లిని చూసి పులి అని చెబుతాను, అడిగితే దాని మీసాలు కూడా కొలిచి చెబుతాను. మా ఆవిడ శాంత నేను చెప్పిన ఏ లెక్కనైనా నాలుగుతో భాగించి వింటుంది. వాన గురించీ, అతిథుల గురించీ చెప్పేటప్పుడు మీరూ అలాగే భాగించుకోండి. ఆ గది గురించి చెప్పేటప్పుడు మాత్రం వద్దు. అక్కడ నేను తగ్గించే చెబుతున్నాను.

ఎనభైల నడుమ ఒక వానాకాలం. మా కాలేజీలో శాస్త్రవేత్తల సదస్సు పెట్టాలనుకున్నాం. గుట్టల మీది అడవుల్లో ఉండే చెట్టూచేమనీ, పిట్టనీ పురుగునీ ఎట్లా కాపాడుకోవాలన్నది విషయం. జీవవైవిధ్యం అన్న మాట అప్పటికింకా వరంగల్ రైలెక్కలేదు. అందుకని మా పెద్దసారు, అంటే మా శాఖ హెడ్డు, ఆ సంగతంతా విప్పి చెప్పే పేరొకటి పెట్టారు. అది ఎంత పొడుగైందంటే, బ్యానరు రాసేవాడు సగంలో రంగు అయిపోయి సెలవడిగాడు.

సదస్సుకు నేను కార్యదర్శిని. స్టెన్సిళ్ళు కొట్టించడం, టెలిగ్రాములివ్వడం, కాజీపేటలో దిగే పండితులను తీసుకురావడం, కొత్తవాడ నుంచి జంపఖానాలు తెప్పించడం, అన్నీ నా నెత్తిమీదే. ఆ జంపఖానాలు ఒకదాని వెనక ఒకటి పరిస్తే మహారాష్ట్రలోని బల్హార్షా దాకా కాలికి మట్టంటకుండా నడిచిపోవచ్చు.

ఇంత హడావిడీ ఒక గుట్ట కోసం. ములుగు దాటాక లోపల అడవిలో నెమలిదోన గుట్ట అని ఉంది. అక్కడి అడవి కొట్టేసి నీలగిరి చెట్లు నాటాలని ప్రతిపాదన వచ్చింది. నిర్ణయం చేతిలో ఉన్న అధికారి మా సదస్సుకు వస్తానన్నారు. మంచి మనిషే, కానీ మాట ఖండితం. ఆ గుట్ట మీద తప్ప ఇంకెక్కడా లేని మొక్క ఒకటి ఉందంటున్నారు కదా, పువ్వుతో సహా సభలో చూపించండి, ఆపిస్తాను అన్నారు. చూపించలేకపోతే నెలాఖరుకు గొడ్డళ్ళు పోతాయన్నారు.

ఆ మొక్క పేరు రాతికమ్మ. ఆ పేరు చెప్పింది మా శాఖ అటెండరు సాయిలు. అతనిది ఆ గుట్ట కింది ఊరే. చదువు రాదు గానీ ఏ మొక్క ఏ రాయి పక్కన మొలుస్తుందో అతనికి తెలిసినట్టు మా పెద్దసారుకు కూడా తెలియదు. రాతి చీలికలో జానెడు కూడా లేకుండా మొలిచి, వానాకాలంలో పది రోజులు మాత్రం చెవికమ్మ లాంటి పసుపు పువ్వు పూస్తుంది. ఆ పది రోజులూ దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.

నేనూ సాయిలూ పోయి తెచ్చాం. తెచ్చాం అన్నానా? సాయిలు వానలో రాయి పట్టుకుని ఎక్కి తెచ్చాడు. నేను కింద గొడుగు పట్టుకుని ధైర్యం చెప్పాను. ఫోటో తీద్దామంటే కెమెరా ఉంది, దాంట్లో రీలు లేదు. దొరికిన మొక్క ఒక్కటే.

మొక్కను ఎండబెట్టే పద్ధతి మీకు చెప్పాలి. రెండు చెక్క చట్రాల మధ్య న్యూస్‌పేపర్లు పేర్చి, వాటి నడుమ మొక్కను పరిచి, తాడుతో బిగించి కడతాం. దాన్ని ప్రెస్సు అంటాం. మొక్కలోని తడిని పేపర్లు పీలుస్తాయి. ఆ తడి పేపర్లు తీసేసి రోజూ పొడివి పెట్టాలి, తాడు మళ్ళీ బిగించాలి. వానాకాలంలో రెండు మూడు రోజులు మరిచిపోతే మొక్కకు బూజు పట్టి, పువ్వు నల్లగా మురిగిపోతుంది. మా శాఖలో ఆ పని సాయిలుది. తీసిన పేపర్లను, ప్రెస్సు పెట్టి తాళం వేసే గదిలోనే తీగ మీద బట్టల్లాగా ఆరేసేవాడు. అతనిది ఎడమచేతి వాటం. ముడి కూడా ఎదురు తిరిగి ఉండేది, దాన్ని విప్పాలంటే మాకు గోళ్ళు ఊడేవి.

గుట్ట నుంచి వచ్చిన మూడోనాడు సాయిలుకు జ్వరం అందుకుంది. నేను పెద్ద దవాఖానకు పోయి చూశాను. మంచం మీద సగమైపోయి ఉన్నాడు. మొలతాడుకున్న ఆ గది తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

"సారూ, పేపర్లు దినాం మార్చాలె. మరువకుండ్రి."

"నీకు ఫికరెందుకు సాయిలూ? నేను లేనా?"

"మీతోని అయితదా సారూ?" అని నవ్వాడు. దగ్గొచ్చింది. "ఆ పువ్వు పాడైతే మా గుట్ట పాయె. జర పైలం."

ప్రమాణం చేసినట్టే చెప్పాను. ఆ మర్నాడు, శుక్రవారం తెల్లవారుజామున సాయిలు పోయాడు. అతని భార్య రాజమ్మ శవాన్ని ఊరికి తీసుకుపోయింది. నేను దవాఖాన గేటు దాకా వెంట నడిచి, కళ్ళు తుడుచుకుని, అటు నుంచి అటే ప్రెస్సులో ఆహ్వానపత్రాలు చూడడానికి పోయాను. అంటే అచ్చువేసే ప్రెస్సుకు. మొక్క ఉన్న ప్రెస్సు మాత్రం ఆ క్షణం నుంచి నా బుర్రలోంచి తుడిచిపెట్టుకు పోయింది.

సదస్సు వచ్చే గురువారం. ఆ వారమంతా వాన. కాశిబుగ్గ చౌరస్తాలో నా స్కూటర్ని చేపలు ఓవర్‌టేక్ చేశాయి. అదే వారంలో ఇంట్లో ఒక చిన్న పేచీ మొదలైంది. పొద్దున నేను చదివి వరండాలో కుర్చీ మీద పెట్టిన పేపరు, శాంత వంట ముగించుకుని వచ్చేసరికి ఉండేది కాదు.

"ఏందయ్యా, పేపరు చదివి ఏడ పారేస్తున్నవ్?"

"కుర్చీలోనే పెట్టిన."

"మరి కుర్చీ తిన్నదా?"

"పక్కింటి రైల్వే గార్డు గారు పట్టుకపోయిండేమో."

"ఆయన కోతలు కోసెటోడు కాదు, పేపర్లు ఎత్తుకపోయెటోడు కాదు. నీ లెక్క ఎవ్వరుంటరు?"

నవ్వి వదిలేశాను. రోజూ గళ్ళనుడికట్టు ఎర్ర పెన్సిలుతో మొదలుపెట్టి సగంలో వదిలేయడం నా అలవాటు. ఆ పేపర్లు పోయినందుకు బాధ కూడా లేదు.

గురువారం పొద్దున ఆరింటికి చాయ్ తాగుతూ పేపరు చూశాను. నాలుగు గళ్ళు నింపాను. కప్పు దాని మీదే పెట్టాను, తియ్యగానే గుండ్రంగా మరక పడింది. ఏడింటికి స్కూటర్ తీశాను. పేపరు కుర్చీలోనే ఉంది.

పదింటికి సభ. వేదిక మీద పెద్దసారు, అధికారి, కలకత్తా నుంచి వచ్చిన ముసలి పండితుడు. జ్యోతి వెలిగించాలి. అగ్గిపెట్టె నా దగ్గరుందేమోనని అందరూ నా వైపు చూశారు. కోటు జేబులో చెయ్యి పెట్టాను. అగ్గిపెట్టె తగల్లేదు. తాళంచెవి తగిలింది.

ఏడు రోజులు.

ఎవరో అగ్గిపుల్ల గీశారు, చప్పట్లు కొట్టారు. నాకు ఏమీ వినబడలేదు. చెవుల్లో సాయిలు దగ్గు ఒక్కటే. చల్లటి వానలో నా చొక్కా చెమటకు తడిసింది, దీన్ని భాగించకండి.

పెద్దసారు నా వైపు వంగి అడిగారు: "రాతికమ్మ మంచిగుందా? చాయ్ కాంగనే పెట్టాలె. దినాం పేపర్లు మారుస్తున్నవ్ గద?"

"బంగారం లెక్క ఉంది సార్" అన్నాను.

జీవితంలో లక్ష అబద్ధాలు ఆడి ఉంటాను. అంత బరువైనది ఇంకోటి లేదు. ముందు వరుసలో అధికారి గారి గుమాస్తా ఒళ్ళో గుట్ట ఫైలు కనబడుతోంది. అతను దాని మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. సభ వదిలి పోదామంటే మైకు నా చేతిలోనే ఉంది. ఒక్కో ఉపన్యాసం నాకు ఒక్కో ఏడాది. తడిసిన పేపర్లలో ఆ పసుపు పువ్వు నల్లటి ముద్దై ఎట్లా ఉంటుందో కళ్ళు మూయకుండానే కనబడుతోంది.

చాయ్ విరామంలో ఒక్కణ్ణే పోయి, ఏదో ఒక ప్రమాదం సృష్టిద్దామనుకున్నాను. ఎలుకలు కొరికాయని చెప్పాలని కూడా అనుకున్నాను. పెద్దసారు వదల్లేదు. కలకత్తా పండితుడినీ వెంటబెట్టుకుని నా వెనకే వచ్చారు.

ఆ గది మెట్ల కింద ఉంటుంది. ఒకటే తలుపు. కిటికీకి మేకులు కొట్టిన ఇనుప జాలీ. తాళానికి రెండో చెవి అంతకు ముందు ఏడాదే పోయింది. ఉన్నది నా జేబులోది. తాళం తుప్పుపట్టి, రెండు చేతులతో తిప్పితే గానీ రాలేదు.

తలుపు తీయగానే మురుగు వాసన కోసం ఊపిరి బిగబట్టాను. ఆకు ఎండిన వాసన వచ్చింది.

ప్రెస్సు బల్ల మీద ఉంది. తాడు పట్టుకుని చూశాను. ఏడు రోజులు ముట్టకుండా వదిలేస్తే మొక్కలు కుంగి తాడు వదులవుతుంది, చెయ్యి దూరుతుంది. అది డోలు తోలులా బిగిసి ఉంది. ముడి ఎదురు తిరిగి ఉంది. నా గోళ్ళకు లొంగకపోతే పెద్దసారే విప్పారు.

చట్రం ఎత్తారు. పైన ఉన్నది ఆనాటి పేపరు. గురువారంది. మధ్యలో చాయ్ కప్పు మరక. మూల మీద గళ్ళనుడికట్టు. ఎర్ర పెన్సిలుతో నాలుగు గళ్ళు.

దాని కింద రాతికమ్మ. వేరు, ఆకు, కాడ, పువ్వు. పువ్వు పసుపు రంగు కూడా పోలేదు.

"శభాష్!" అని పెద్దసారు నా వీపు తట్టారు. "ఇయ్యాల గూడ పొద్దుగాల్నే వచ్చి మార్చినవన్నమాట."

గది మూలకు చూస్తున్నాను. తీగ మీద పేపర్లు వరసగా ఆరేసి ఉన్నాయి. దగ్గరికి పోయి చూశాను. శుక్రవారం నుంచి బుధవారం దాకా ఆరు. అన్నిటి మీదా నా ఎర్ర పెన్సిలు ఉంది. బుధవారం పేపరు ముట్టుకుంటే ఇంకా కొంచెం తడిగా ఉంది.

ఇక సభలో జరిగింది త్వరగా చెబుతాను. కలకత్తా పండితుడు భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ఈ మొక్కను తానెన్నడూ చూడలేదన్నాడు. అధికారి లేచి నిలబడి చూశారు. కింద అతికించడానికి నేను గుట్ట నుంచి రాగానే టైపు చేసి పెట్టుకున్న చీటీ ఉంది: మొక్క పేరు, చోటు, సేకరించినవారు. సేకరించినవారు అన్నచోట నా పేరు. మాకు అదే ఆనవాయితీ. అటెండరు ఎక్కి తెస్తాడు, మాస్టరు పేరు పడుతుంది.

పెన్ను తీసి నా పేరు కొట్టేశాను. సాయిలు అని రాశాను.

పెద్దసారు చెవిలో "ఏందిది?" అన్నారు.

"ఆయినెదే సార్" అన్నాను.

గుట్ట పని ఆగింది. ఇప్పటిదాకా ఆగే ఉంది.

సాయంత్రం ఇంటికి పోయి శాంతను అడిగాను. గురువారం పేపరు కూడా పోయిందట. ఆమె వానకు గడప దాటలేదు. పక్కింటి గార్డు గారు ఆ వారమంతా డ్యూటీ మీద బల్హార్షాలో ఉన్నారు. నిద్రలో నేనే నడిచిపోయి మార్చానేమోనని కూడా ఆలోచించాను. మెలకువగా ఉన్నప్పుడే స్కూటర్ లేకుండా నడవనివాణ్ణి. పైగా గురువారం పేపరు ఏడింటి దాకా నా కళ్ళ ముందే ఉంది, ఆ తర్వాత నేను మనుషుల మధ్యే ఉన్నాను.

సదస్సు ముగిశాక రాజమ్మ దగ్గరికి పోయాను. మరిచిపోయిన సంగతీ, పేపర్ల సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాను. అది నేను కోత కోయకుండా మాట్లాడిన మొదటి రోజు కావచ్చు. ఆమె వింత పడుతుందనుకున్నాను, భయపడుతుందనుకున్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నదల్లా ఆగి ఒక్కటే అడిగింది.

"పువ్వు ఎండిందా సారూ?"

"మంచిగ ఎండిందమ్మా."

"గంతే సాలు" అని మళ్ళీ చేటలోకి వంగింది.

ఇన్నేళ్ళయినా నాకు లెక్క తేలలేదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ ఒకటి చెప్పాలి. సదస్సు మర్నాడు, శుక్రవారం, పేపరు చదివి కుర్చీలో పెట్టి, తలుపు చాటున నిలబడి చూశాను. గంట చూశాను. ఎవరూ రాలేదు. పేపరు అక్కడే ఉంది. మధ్యాహ్నానికీ ఉంది, మర్నాటికీ ఉంది. పోయిన ఏడు రోజులకన్నా, ఆ ఉన్న పేపరును చూసినప్పుడే నాకు నిజంగా వెన్నులో చలి పుట్టింది. మార్చాల్సిన పని అయిపోయిందని ఎవరికో తెలిసింది.