గుమ్మంలో నిలబడిన నర్సమ్మ

1956లో వానలు మొదలయ్యే వేళకు నన్ను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు బదిలీ చేశారు. హోదా పాతదే, హెల్త్ విజిటరు. ఈ ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోవాళ్ళకే చివరిదాకా బోధపడలేదు. డాక్టరుకు కింద, మిడ్‌వైఫులకు పైన ఉండే మెట్టు అది. పల్లెల్లో ప్రసూతి కేంద్రాలు ఉండేవి. ఒక్కో కేంద్రానికి ఒక మిడ్‌వైఫు, ఆవిడకు తోడు ఒక ఆయా. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోస్తారు. సంచిలో కత్తెరా దారమూ మరిగించి పెట్టుకున్నారా, బాలింతను రోజూ వెళ్ళి చూస్తున్నారా అని నేను తిరిగి చూడాలి. తిరగడమంటే నాకు ఇష్టమే. ఒకచోట అరగంట కూర్చోమంటే మాత్రం ముళ్ళమీద కూర్చున్నట్టు ఉంటుంది.

గూడెంలో ఉన్నన్నాళ్ళూ కాలవగట్ల మీద నడిచాను. ఏలూరు వచ్చాక పడవ తప్పలేదు. కొల్లేటి లంకలకు వేరే దారి లేదు. కిక్కిస దుబ్బుల మధ్య నుంచి పడవ తోసుకుంటూ పోతుంటే, ఎంతసేపటికీ అదే నీరు, అదే గడ్డి. నేను ఇటూ అటూ కదిలితే పడవవాడు, “కుదురుగా కూర్చోండమ్మగారూ, ఇది మీ ఆఫీసు బల్ల కాదండి” అనేవాడు.

ఆ లంకల్లో ఒక ఊళ్ళో మాణిక్యం మిడ్‌వైఫు. ఊరి పేరు రాయను, ఆ ఇళ్ళవాళ్ళు ఇంకా ఉన్నారు. మాణిక్యం చింతలపూడి వైపు మెట్ట ప్రాంతపు మనిషి. చిన్న వయసులోనే భర్త పోతే శిక్షణ తీసుకుని ఉద్యోగంలో చేరింది. నీళ్ళంటే భయం, అయినా లంకకు వేస్తే నోరెత్తకుండా వెళ్ళింది. నేను ఏలూరు వచ్చేనాటికి రెండేళ్ళయింది, ఊరంతా ఆవిణ్ణి నెత్తిన పెట్టుకుంది. మనవాళ్ళకు చదువుకన్నా హస్తవాసి ముఖ్యం కదా. “మాణిక్యమ్మగారి చెయ్యి పడితే చాలండి” అని పడవ దిగగానే నాకు చెప్పేవారు. నేను నవ్వి, చేతిలో ఏముంది, మరిగించిన కత్తెరలో ఉంది అనేదాన్ని.

ఆ శ్రావణంలో ఒక చేపలవాళ్ళ ఇంట్లో బాలింత పోయింది. రెండో కాన్పు. బిడ్డ బాగానే పుట్టింది, మాయ పడలేదు, రక్తం ఆగలేదు. అలాంటప్పుడు మిడ్‌వైఫు లోపల చెయ్యి పెట్టి మాయ తీయకూడదు. డాక్టరును పిలవాలి, లేదా డాక్టరు దగ్గరకు చేర్చాలి. మేము శిక్షణలో పదేపదే చెప్పే నియమం అది. మాణిక్యం తన దగ్గరున్న ఇంజెక్షన్ ఇచ్చి, పొట్ట రాసి, ఇక లాభం లేదని పడవ కట్టించింది. ఎదురుగాలి. కొల్లేటి మధ్యలోనే ప్రాణం పోయింది.

మరణం జరిగితే పద్ధతి ఒకటుంది. పై ఆఫీసు నుంచి మెమో వస్తుంది, మిడ్‌వైఫు సంజాయిషీ ఇస్తుంది. నియమం ప్రకారమే చేశానని మాణిక్యం రాసింది, నిజమేనని నేనూ రాశాను. పై వాళ్ళు ఒప్పుకున్నారు. అక్కడికి ఆ సంగతి అయిపోయిందని అందరం అనుకున్నాం.

తరవాతి నెల నేను లంకకు వెళ్ళేసరికి మాణిక్యం చేతులు ఎర్రగా పగిలి ఉన్నాయి. క్రిములు చంపే లైసాలు మందు కలిపిన నీళ్ళలో కడిగి కడిగి అలా అయ్యాయని ఆయా చెప్పింది. సరే, శుభ్రం ఎక్కువైందిలే అనుకుని బాలింతలను చూడటానికి బయలుదేరాను. మొదటి ఇంట్లోనే పిడుగు పడింది.

“నర్సమ్మగారు మంచోరండి. గుమ్మంలో నుంచుని అన్నీ చెప్పారండి. చేసిందంతా పోలమ్మేనండి” అంది ఆ ఇంటి బాలింత.

పోలమ్మ ఆ ఊరి పాత మంత్రసాని. మట్టి గోళ్ళు, కొంగుతో తుడుచుకునే చేతులు. మిడ్‌వైఫు వచ్చాక ఆవిణ్ణి పురిటి గదిలోకి రానివ్వకుండా చేయడానికి మాకు రెండేళ్ళు పట్టింది. వెళ్ళి నిలదీశాను.

“నన్నేం చేయమంటారండీ?” అంది పోలమ్మ. “ముట్టుకోనంటారండి ఆవిడ. ఆ చెయ్యి మంచిది కాదని ఊళ్ళో అన్నారండి. ఇప్పుడు ఆవిడా అదే అంటన్నారండి.”

ఆ ఊళ్ళో వరాలు అనే పిల్లకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు, పొట్టి మనిషి, పాదాలకు నీరు. ఏలూరు ఆస్పత్రికి రమ్మంటే ఆ ఇంటివాళ్ళు ససేమిరా అన్నారు. పడవలో ప్రాణం పోయిన మనిషిని వాళ్ళు మరిచిపోలేదు. అంటే వరాలు పురుడు ఆ ఊళ్ళోనే, ఆ గుడిసెలోనే. గుమ్మంలో మాణిక్యం, మంచం దగ్గర పోలమ్మ.

మాణిక్యాన్ని అడిగితే ఒంట్లో బాగాలేదని తప్పించుకుంది. నియమం ప్రకారం పై ఆఫీసుకు రాయాలి. రాస్తే సస్పెన్షను, లేదా బదిలీ. ఏలూరులో మా లేడీ డాక్టరుగారితో చెప్పాను. ఆవిడ ఆలోచించి, బదిలీ చేయిస్తే ఊరు మారి కుదుటపడుతుందేమో అన్నారు. నేను ఒప్పుకోలేదు. బదిలీ చేస్తే ఊళ్ళో అన్న మాటకు ప్రభుత్వం ముద్ర కొట్టినట్టే. కొత్త ఊరికి ఈవిడకన్నా ముందు ఆ మాట చేరుతుంది. “అయితే ఏం చేస్తావు?” అన్నారు. నేను చూసుకుంటానండీ అని గొప్పగా చెప్పి వచ్చేశాను.

నేను చూసుకున్న తీరు ఇది. ఆ లంకలోనే ఒకామెకు నాలుగో కాన్పు దగ్గరపడింది. ఇబ్బందేమీ లేని కాన్పు. నేను అక్కడే మకాం వేసి, నొప్పులు రాగానే మాణిక్యాన్ని తీసుకెళ్ళి మంచం దగ్గర నిలబెట్టాను. ఆవిడ గుమ్మం వైపు జరిగితే మణికట్టు పట్టుకుని లాగాను. ఇక ఆవిడే చేసింది. బిడ్డ ఏడ్చింది, మాయ దానంతట అదే పడింది. నేను వాకిట్లోకి వచ్చి పదిమందీ వినేలా, “చూశారా, మాణిక్యమ్మ హస్తవాసి!” అన్నాను. ముసలమ్మలు తలలూపారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పడవరేవు దాకా మాణిక్యం నాతో నడిచింది. అక్కడ ఆగి, “మీకూ నమ్మకమేనన్నమాటండి” అంది.

“దేనిమీద?”

“హస్తవాసి మీదండి. లేకపోతే సులువైన కాన్పు ఏరి నాచేత చేయించడం దేనికండి?”

నాకు ఒళ్ళు మండింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా. నీకోసం ఇంత పాటుపడితే నాకే పాఠాలా అని నోటిదాకా వచ్చింది. పడవవాడు గాలి తిరుగుతోందని తొందరపెడుతున్నాడు. ఎక్కేసి వెళ్ళిపోదామనే అనిపించింది. కాని ఆవిడ మొహం చూశాక అడుగు పడలేదు. పడవను పంపేసి రేవు మెట్టు మీద కూర్చున్నాను. “మరి నీ నమ్మకం ఏమిటో చెప్పు” అన్నాను.

అప్పుడు చెప్పింది. “నా చెయ్యి పడి పోయిందని ఊళ్ళో అంటన్నారండి. చెయ్యి పెట్టకే పోయిందండి. శిక్షణలో పెద్ద నర్సుగారు చెయ్యి పెట్టి మాయ తీయడం నేను చూశానండి. ఎలా తీయాలో నాకు తెలుసండి. ఆ పిల్ల పడవలో నా మొహమే చూస్తా, ఇంకెంత దూరమండీ అని అడుగుతానే ఉందండి. నేను రూలు కాదని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానండి. ఆ తరవాత రేవు దాకా ఆ శవం పక్కన అలాగే కూర్చున్నానండి.”

మరి సంజాయిషీలో ఇదేమీ రాయలేదేమని అడిగాను.

“రూలు ప్రకారం చేశావా అని అడిగారండి. చేశానని రాశానండి. పడవలో ఏం జరిగిందని ఎవరూ అడగలేదండి.”

ఆ నియమం ఎందుకు పెట్టారో నాకు కంఠతా వచ్చు. గ్లవుజులు లేని చేతితో విషం ఎక్కుతుంది, గర్భసంచి చిరుగుతుంది, ఆ పూట బతికినా వారానికి పోతుంది. అవన్నీ అప్పగించడం ఎంతసేపు? కాని అప్పగించలేదు. నాకు తెలిసినంతే చెప్పాను. నువ్వు చెయ్యి పెడితే ఆ పిల్ల బతికేదేమో నాకు తెలియదు, పెట్టిన చోటే పోయేదేమో అదీ తెలియదు అన్నాను. ఏడ్చింది. నాకూ ఆగలేదు.

మర్నాడు ఆవిణ్ణి లేడీ డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. మనసు బాగాలేదని సెలవు రాస్తే పిచ్చి అని ముద్ర పడి ఉద్యోగం పోయే రోజులవి. చేతుల పగుళ్ళు కళ్ళకు కనబడుతూనే ఉన్నాయి కనక డాక్టరుగారు వాటికే సెలవు రాసి, తన ఇంట్లోనే ఉంచుకున్నారు. తాను అన్ని సదుపాయాలతో చెయ్యి పెట్టి తీసినా దక్కని ఒక తల్లి సంగతి ఆవిడ మాణిక్యానికి చెప్పారట. ఎన్నేళ్ళయినా ఆ తల్లి పేరు మరవలేదన్నారట. డాక్టర్లకు కూడా ఇలా ఉంటుందా అని మాణిక్యం నన్ను అడిగింది. ఉంటుంది, చెప్పుకోరు అన్నాను. ఆవిడ లేనన్నాళ్ళూ లంకలో నేనే మకాం వేసి, రోజూ వరాలు పాదాలు నొక్కి చూస్తూ గడిపాను.

చేతులు మానాక మాణిక్యం తిరిగి వచ్చింది. వారంలోపే ఒక పొద్దున వరాలుకు నొప్పులు మొదలయ్యాయి. పోలమ్మ అలవాటుగా మంచం దగ్గరకు వెళ్ళబోతే మాణిక్యం, “పోలమ్మా, నువ్వు నీళ్ళు కాగబెట్టవే” అని తాను లోపలికి వెళ్ళింది. నేను గోడవార నిలబడ్డాను. కాన్పు కష్టమే అయింది. మధ్యాహ్నానికి మగబిడ్డ. ఇక మాయ కోసం ఆగాలి. పొట్టమీద చెయ్యి వేసి ఊరికే కనిపెట్టుకుని ఉండాలి, లాగకూడదు, తొందరపడకూడదు. అంతకన్నా పాడుకాలం నేను ఎరగను.

“భయంగా ఉందండి” అంది మాణిక్యం, పొట్టమీద చెయ్యి తీయకుండానే.

“నాకూ భయంగానే ఉంది” అన్నాను.

ఇద్దరం అలాగే ఉన్నాం. మాయ పడింది. మాణిక్యం దాన్ని వెలుతురులో పట్టి, ముక్క ఏదీ లోపల ఉండిపోలేదు కదా అని తిప్పి తిప్పి చూసి, తలూపింది. అప్పుడు నేను బయటికి వెళ్ళి ఊపిరి పీల్చుకున్నాను. ఈసారి వాకిట్లో ఏమీ ప్రకటించలేదు.

ఆ తరవాత నా పరిధిలో ఎక్కడ మరణం జరిగినా మెమో అందేలోగా నేనే వెళ్ళేదాన్ని. ఏం చేశావని కాక, ఏం జరిగిందని అడిగేదాన్ని. దీన్నే పద్ధతిగా పెట్టమని పై ఆఫీసును అడిగితే, నియమాల్లో అందుకు చోటు లేదన్నారు. చోటు లేకుండానే చేసుకొచ్చాను. సంజాయిషీ అడిగితే మనిషి తన ఉద్యోగాన్ని కాపాడుకునే మాటలే చెబుతుంది. ఆ మాటలు నిజమే కావచ్చు, కాని ఆవిడ రేపు ఇంకో మంచం దగ్గరకు వెళ్ళగలదా లేదా అన్నది వాటిలో తెలియదు. పై అధికారి తెలుసుకోవలసింది ముందు అదే.

రెండేళ్ళ తరవాత మరో లంకలో కొత్తగా చేరిన ఒక మిడ్‌వైఫు చేతిలో బిడ్డ పోయిందని కబురొచ్చింది. ఆ రోజు పడవ ఆలస్యమైంది, నేను తిట్టుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి పక్క లంక నుంచి మాణిక్యం వచ్చి ఉంది. ఎవరూ పంపలేదు, తనకు తానే వచ్చింది. ఆ కొత్త మిడ్‌వైఫు మాట్లాడుతోంది, మాణిక్యం వింటోంది. నన్ను చూసి మాణిక్యం లేవబోతే వద్దని చెయ్యి ఊపి, అరుగు మీద ఆగాను. సంజాయిషీ మర్నాడు రాయించుకున్నాను.