రెండో జడ గీసిన వీరేశం సారు

మంగళవారం పొద్దున జుక్కల్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన ముగుస్తుండగా ఫోను మోగింది. నాతో చదువుకున్న పద్మ. "స్వరూపా, మన డ్రాయింగ్ సారు పోయిండే. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అంది. పిల్లలు వరుసగా తరగతులకు కదిలారు. బాన్సువాడలో తరతరాల విద్యార్థులకు చిత్రలేఖనం నేర్పిన వీరేశం సారు దివంగతులయ్యారన్న మాటను నా మనసు నేటికీ అంగీకరించడం లేదు.

ఇళ్లలోని పసివాళ్లే ఆయన కళకు సర్వస్వం. అన్నం ముందు అలిగినవాళ్లు, స్నానానికి ఏడ్చేవాళ్లు, తల్లి ఒడిలో నిద్రకు తూగేవాళ్లు. ఆదివారమైతే ఎవరింటి అరుగు మీదనో కూర్చుని, పక్కన చాయ చల్లారుతున్నా ఎరుగక గీస్తుండేవారు.

ఏడో తరగతిలో, అన్నం తినే తమ్ముణ్ణి గీసుకురమ్మన్నారు. నేను అందమైన నవ్వుముఖం ఒకటి గీసుకుపోయాను. "గిట్ల నవ్వుకుంట పప్పన్నం ఎవలు తింటరు బిడ్డా? ఇంటికి పోయి మంచిగ చూడు. చూడంది గియ్యకు, అబద్ధమైతది" అన్నారు. ఆ సాయంత్రం మా తమ్ముణ్ణి మొదటిసారి నిజంగా చూశాను. ఒక చేతిలో ముద్ద, రెండో చేతిలో అమ్మ కొంగు.

ఆ నియమాన్ని సారు సడలించడం ఒక్కసారే చూశాను. నస్రుల్లాబాద్ దగ్గరి తండాలో, తల్లి జడలు వేస్తుండగా ఐదేళ్ల పాపను గీశారు. ఒక జడ అల్లగానే పాప ఆటకు పరుగెత్తింది. బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పాప కన్నుమూసింది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఆ తల్లి మా బడికి వచ్చింది. మేమప్పుడు పదో తరగతి. సారు ఆ కాగితం వెతికి ఇచ్చారు. ఆమె చాలాసేపు చూసి, "ఒక్క జడనే ఉన్నది సారూ. నా బిడ్డ సగం తలతోని పోయినట్టున్నది. రెండోది గూడ ఎయ్యి" అంది.

సారు పెన్సిలు చేతిలోకి తీసుకున్నారు. తర్వాత మెల్లగా, "ఎట్ల అల్లుతుంటివో చూపియ్యమ్మా" అన్నారు. ఆమె శూన్యంలో వేళ్లు కదిలిస్తూ జడ అల్లింది. ఆ వేళ్లనే చూస్తూ సారు గీశారు. ఆమె వెళ్లిపోయాక ఆయన మాకు పాఠం చెప్పలేకపోయారు.

నా ఇద్దరు ఆడపిల్లలను గీస్తానని సారు రెండేళ్లుగా అడుగుతూ వచ్చారు. ఇంటికి సున్నాలని ఒకసారి, పరీక్షలని ఒకసారి వాయిదా వేశాను. నిజానికి, ఇల్లు చిందరవందరగా ఉందని సిగ్గుపడ్డాను. పోయిన నెల ఆయనే ఫోన్ చేశారు. "ఇంటితోని నాకేం పని బిడ్డా? పిల్లలు పెరుగుతుండ్రు, జల్ది పిలువు."

"సెలవులు రానియ్యండి సార్" అన్నాను.

అంతిమ దర్శనానికి చిన్నదాన్ని వెంట తీసుకెళ్లాను. అది నా చేయి లాగి, "గీ తాత ఎవరమ్మా?" అని అడిగింది. దాన్ని చూడాలని అంతకాలం ఎదురుచూసిన మనిషిని అది మొదటిసారి చూడడం అప్పుడే.

ఆయన పాదాలకు మొక్కించాను. ఊరి పిల్లలను అంత ఓపికగా చూసిన కన్నులు మాకిక లేవు. సారూ, క్షమించమని అడగడానికి కూడా ఆలస్యం చేసినదాన్ని. నమస్కరిస్తున్నాను.