తిరుమలమ్మ రాసిన దొంగతనం

తిరుమలమ్మ నోటికి భయపడని మనిషి కొర్లగుంటలో లేడు. కొళాయి దగ్గర ఆమె బిందె పెట్టిందంటే ముందు నిలబడినవాళ్లు తామే పక్కకు జరిగేవాళ్లు. అట్లాంటి మనిషి గాంధీ రోడ్డుకు పోవాలంటే మాత్రం తిన్నగా పోయేది కాదు. మధ్యలో ఒక సందును తప్పించుకుని అరమైలు చుట్టు తిరిగేది. ఎందుకని అడిగితే, "ఆ సందులో కుక్కలు జాస్తి" అనేది.

ఆ సందులో కుక్కలు లేవు. అలివేలమ్మ ఇల్లు ఉండేది.

ఆ ఇంట్లో తిరుమలమ్మ ఆరేళ్లు అంట్లు తోమింది. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఒకరోజు అలివేలమ్మ చెవి కమ్మ ఒకటి కనబడకుండా పోయింది. పని ముగించుకుని గడప దాటిన తిరుమలమ్మను ఆమె వీధిలోనే నిలబెట్టి, చంకలోని మూట విప్పి దులపమంది. ఇరుగుపొరుగు వాకిళ్లలోకి వచ్చి చూశారు. మూటలో కమ్మ లేదు. మూడోనాడు అది దిండు గలీబులో దొరికింది. ఆ సంగతి తిరుమలమ్మకు పూలమ్మే మనిషి చెబితే తెలిసిందే గానీ, ఆ ఇంటినుంచి ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆమె మళ్లీ పనికి పోలేదు, ఆ సందూ తొక్కలేదు.

పదకొండేళ్ల తర్వాత మునిసిపాలిటీ బడి వరండాలో పెద్దవాళ్లకు సాయంత్రం చదువు మొదలైంది. నేర్పేది పద్మాక్షి, బి.ఏ. ముగించి ఉద్యోగానికి ఎదురుచూస్తున్న అమ్మాయి. నలభై రెండేళ్ల తిరుమలమ్మ కూడా చేరింది. చదువు మీద మోజుతో కాదు, బస్సు బోర్డులు చదవడం వస్తే కండక్టర్లను బతిమాలే పని ఉండదని. ఆరునెలలకు గుణింతాలు వచ్చాయి. ఒత్తులతో మాత్రం ఆమెకు పొసగలేదు. మనసైన చోట పెట్టేది, లేనిచోట వదిలేసేది.

ఒకనాడు పద్మాక్షి, "మీరు మరిచిపోలేని రోజు గురించి ఒక పేజీ రాసుకుని రండి" అంది. మిగతావాళ్లు పెళ్లిళ్ల గురించి, కొండకు నడిచిపోవడం గురించి రాశారు. తిరుమలమ్మ నాలుగు పేజీలు రాసింది. అందులో మూడున్నర అలివేలమ్మను తిట్టడమే. చదువుతున్న పద్మాక్షికి చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ మాటలకు ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకూ తెలీదమ్మా" అంది చివరికి. "తిట్లు సరే. ఆరోజు ఏం జరిగిందో లేదే. మూటలోంచి ఏమేం పడ్డాయి?"

"అదంతా ఎందుకులే తల్లీ. కమ్మ లేదు, అంతే."

"లేనిది వద్దు. ఉన్నవి రాయండి."

తిరుమలమ్మ అలిగి రెండు రోజులు బడికి పోలేదు. మూడోనాడు మధ్యాహ్నం అరుగు మీద కూచుని నోటుబుక్కు తెరిచింది. పాత రవికె పడిందని రాసింది. దువ్వెన రాసింది. రెండు దోసెలు రాసింది. అక్కడ పెన్సిలు ఆగింది. దోసెల తర్వాత పడింది నిమ్మకాయంత చింతపండు ముద్ద. అది అలివేలమ్మ వంటింట్లోది, అడగకుండా తీసుకున్నది.

ఆరోజు అందరి కళ్లూ కమ్మ కోసం వెతుకుతుంటే ఆమె దాన్ని పాదంతో తొక్కిపెట్టింది. "నేనేమీ తీయలేదు" అని అరిచిన ప్రతిసారీ అది కాలికింద మెత్తగా తగిలింది. కమ్మ కథ ఊరందరికీ చెప్పుకుంది గానీ ముద్ద సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

చాలాసేపు కూచుని, ఆఖరికి రాసింది: "సింతపండు ఎత్తుకునా. సారు కాసేదానికి లేదు."

చదువుకుంది. మళ్లీ చదువుకుంది. ఇన్నేళ్లు మోసింది ఇంతేనా అనిపించింది. ఏడుపొస్తుందనుకుంటే నవ్వొచ్చింది. నవ్వుతూనే కాస్త ఏడ్చింది కూడా. ఆ తర్వాత మొత్తం తిరగరాసింది. తిట్లు అరపేజీకి వచ్చాయి. పద్మాక్షి అది చదివి ఒక్క తప్పూ దిద్దలేదు.

తర్వాతి వారం తిరుమలమ్మ నోటుబుక్కు తీసుకుని ఆ సందులోకి పోయింది. కళ్లకు శుక్లాలు కమ్మిన అలివేలమ్మ వాకిట్లో కుర్చీలో కూచుని ఉంది.

"ఎవరది?"

"తిరుమలమ్మను. నీ గురించి రాసినా. సదువుతా, వింటావా?"

ముసలామె గొంతు వినిపించిన వైపు తల తిప్పింది. "నిలబడి చదవొద్దు. కూచో" అంది.

తిరుమలమ్మ కూడబలుక్కుంటూ మొదటినుంచి చదివింది, ఆకుపచ్చ చీర కట్టుకుని అలివేలమ్మ గడపలో నిలబడ్డం దగ్గరినుంచి చింతపండు దాకా. చింతపండు మాటకు అలివేలమ్మ కదల్లేదు.

"ఆకుపచ్చ కాదే. ఆరోజు నేను కట్టుకున్నది మిరపపండు రంగుది" అంది.

"పచ్చదే. నాకు బాగా గుర్తుండాది."

చీర రంగు మీద ఇద్దరూ పావుగంట వాదులాడుకున్నారు. ఆ తర్వాత అలివేలమ్మ గొంతు తగ్గింది. "కమ్మ దొరికినాక నిన్ను పిలిపించాలనుకున్నా. ఏ మొహం పెట్టుకుని పిలవను? వీధిలో కనిపిస్తే చెబుదామంటే నువ్వు ఇటు రావడమే మానేశావు."

"వచ్చినా గదా. ఇప్పుడు చెప్పు."

"తప్పు నాదే."

తిరుమలమ్మ పెన్సిలు తీసి ఆ మాట అక్కడే కూచుని రాసుకుంది. చీర రంగు మాత్రం మార్చలేదు.

అప్పటినుంచి ఆమె రాయడం మానలేదు. ఒక నోటుబుక్కు నిండి రెండోది పట్టింది. కొళాయి దగ్గర మాటలు తగ్గాయి. ఎవరి మాట ఏ పేజీలోకి ఎక్కుతుందోనని ఆడవాళ్ల గుబులు. అందరికన్నా ఎక్కువ గుబులు ఆమె మొగుడు గురప్పకు. అతను అలిపిరి దగ్గర టెంకాయలు అమ్మేవాడు, ఒక్క అక్షరం రాదు.

"నా గురించి యాడన్నా రాసినావా మే?" అని ఒకరోజు అన్నం తింటూ అడిగాడు.

"నీ దాకా ఇంకా రాలేదు" అంది తిరుమలమ్మ, తల ఎత్తకుండా.

ఆ తర్వాతి సోమవారమే గురప్ప సాయంత్రం బడిలో పేరు రాయించుకుని ముందు వరసలో కూచున్నాడు.