పట్టీ విప్పకుండా అడిగే ప్రశ్న

ఆటోనగర్ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన మా డాక్టరమ్మ గారు పోయారు. లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేసే మా నాన్న, పని మధ్యలోనే ఫోన్ చేసి ఆ కబురు చెప్పాడు.

కేంద్రం గేటుకి కట్టిన ఫ్లెక్సీలో ఆమెను 'శాంతమూర్తి' అన్నారు. నేను ఒప్పుకోను. ఆమె మొండి మనిషి. ఆ మొండితనం వల్లే మా ఇల్లు నిలబడింది. ఆమెకు తగని మాట ఆమె ఫొటో కింద ఉంటే చూస్తూ ఊరుకోలేకే ఇది రాస్తున్నాను.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, కళ్లు తిరుగుతున్నాయంటే నాన్నను అక్కడికి తీసుకెళ్లాను. ఆమె తలుపు దగ్గరగా వేసి బీపీ చూశారు. చూశాక చేతికి చుట్టిన పట్టీ విప్పలేదు.

"నిన్న ఎంత తాగావయ్యా?"

"నేనాండీ? అబ్బే! ఎప్పుడన్నా లారీ డెలివరీ అయితే, ఓనర్లు పార్టీ ఇస్తే..."

"నిన్న డెలివరీ అయిందా?"

"అయిందండీ."

"మొన్న?"

"మొన్న కూడా..."

"రోజుకో లారీయా! హైవే మీద తిరిగేవన్నీ మీ షెడ్డువేనన్నమాట."

నాన్నకి నవ్వొచ్చింది. నవ్వాక అబద్ధం ఆడలేకపోయాడు. లేచి పోదామన్నా చెయ్యి ఆమె దగ్గరే ఉండిపోయింది.

"ఒక్కసారిగా మానేయకు, ప్రమాదం. నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రా. వచ్చే వారం కనపడు" అన్నారు.

ఏ జబ్బుతో వచ్చినవారినైనా ఆమె అడిగేది అలాగే. మా నాయనమ్మనూ వదల్లేదు. "రామ రామ! నన్నా?" అని నాయనమ్మ చెంపలు వేసుకుంది. "అందర్నీ అడుగుతానమ్మా. కొందర్నే అడిగితే వాళ్లకి సిగ్గు. అందర్నీ అడిగితే ఎవరికీ సిగ్గుండదు" అన్నారు ఆమె.

ఇది ఆమె సొంతంగా కనిపెట్టిన ప్రశ్నేం కాదు. దేశమంతటా ప్రభుత్వం చేయించే బీపీ, షుగర్ పరీక్షల్లో మద్యం గురించి కూడా అడగమనే ఉంది. కానీ పైనుంచి వెంటపడి అడిగే లెక్క బీపీది, షుగర్‌ది. లెక్క అడగని పనికి మనిషిని ఇవ్వరు, టైమూ ఇవ్వరు. అందుకే చాలాచోట్ల ఆ ప్రశ్న కాగితం మీదే ఉండిపోతుంది. ఒకసారి సమీక్షలో ఓ అధికారి, "తాగుడు సంగతి మనకెందుకండీ, అది ఎక్సైజ్ వాళ్లు చూసుకుంటారు" అన్నారట. "లివర్ కూడా వాళ్లే చూసుకుంటారా అండీ?" అన్నారట ఈమె. అక్కడి నర్సక్క ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. మద్యం షాపు తెరిపించేదీ ప్రభుత్వమే, ఆసుపత్రి తెరిచేదీ ప్రభుత్వమే. మధ్యలో నలిగేది మా నాన్న లాంటివాళ్లు.

నాన్న పూర్తిగా మారిపోయాడని రాయను. బాగా తగ్గించాడు, మధ్యలో జారాడు. జారిన వారం కూడా తల వంచుకునైనా ఆమె దగ్గరికి వెళ్లాడు. ఎవరో ఒకరు అడుగుతారన్న ఆ ధైర్యం ఇప్పుడు పోయిందని మా అమ్మ భయం.

మొన్న నాన్నతో మళ్లీ వెళ్లాను. కొత్త డాక్టర్ గారు కుర్రాడు, మంచివాడే. బీపీ చూసి, ఆ లెక్క ఫోన్లో ఎక్కించుకుని, పట్టీ విప్పబోయారు. నాన్న చెయ్యి కదపలేదు.

"ఇంకోటి అడగాలండీ."

"ఏంటండీ?"

"తాగుతున్నావా అని. ఆమె అడిగేవారు."

"బయట చాలామంది ఉన్నారండీ. పైన కూడా దాని గురించి ఎవరూ అడగట్లేదు..."

"వాళ్లు అడక్కపోతే పోనీండి. మీరు అడగండి" అన్నాడు నాన్న. నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ తలుపు దగ్గరగా వెయ్యి" అన్నాడు.

వేశాను. కొత్త డాక్టర్ గారు ఫోన్ బోర్లా పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. వెల్డింగ్ రవ్వలు పడి మచ్చలు తేలిన నాన్న చెయ్యి, పట్టీతో అలాగే బల్ల మీద చాచి ఉంది.