కంటి పొర కింద నీరు

జబ్బును సమయానికి బయటపెట్టి నా చూపును కాపాడిన ప్రభువుకు స్తోత్రం.

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుండగా నా కుడికంటి చూపు మధ్యలో నల్లమచ్చ కనబడసాగింది. సెలవు అడిగితే మా టీమ్ లీడ్, "ఏందమ్మా గీ డ్రామాలు? ఇంట్ల పండాల్నా?" అని అందరినీ నవ్వించాడు.

కంటి ఆస్పత్రిలో కాంతి కిరణంతో రెటీనా పొరలను ఫొటో తీశారు. పొర కింద నీరు చేరింది. పని ఒత్తిడి వల్ల కావచ్చని, విశ్రాంతి లేకుంటే చూపు దెబ్బతింటుందని డాక్టరు చెప్పారు.

మర్నాడు మీటింగులో ఆ ఫొటోను పెద్ద తెరపై పెట్టి, "ఇదే సార్ నా డ్రామా, నవ్వండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. తర్వాత టీమ్ లీడ్ నెమ్మదిగా వచ్చి, "జర ఆ దవాఖాన పేరు చెప్పమ్మా, నాక్కూడా మచ్చ కనబడ్తుంది" అన్నాడు.

చెప్పాను. పగ తీర్చడం దేవుని పనని సండే స్కూల్లో నేర్చుకున్నాను కానీ, ఇంత త్వరగా తీరుస్తాడనుకోలేదు. ఆయన చూపు బాగుపడాలని, అయితే బాగుపడేముందు నేను పడ్డ భయమంతా ఆయనకూ తెలియాలని నాతో కలిసి ప్రార్థించండి.