ఘుర్ఘురులు ఎలా ఉంటారంటే...

ఆ రోజుల్లో రాక్షసుడంటే రెండు కొమ్ములూ, బయటికొచ్చిన కోరలూ, మెలితిప్పిన మీసాలూ ఉండి తీరాలి. అవి లేని రాక్షసుడికి మా రాజమండ్రి వారపత్రికలో చోటు లేదు. తొంభైల మొదట్లో, డిగ్రీ అయ్యీ అవగానే అక్కడ ప్రూఫులు దిద్దే పనిలో చేరిన నేను, ఎడిటరుగారి కాళ్ళావేళ్ళా పడి పిల్లల పేజీలో ఓ మాయాలోకపు సీరియల్ సంపాదించాను. అందులో ఘుర్ఘురులని ఒక భయంకరమైన జాతి. వాళ్ళ గురించి నేను రాసింది ఒక్కటే వాక్యం: "ఘుర్ఘురులు నడిచిన తోటలో అరటిగెల పండదు." (మాది రామచంద్రపురం దగ్గర పల్లె. గెల పండకపోవడాన్ని మించిన భయం నాకప్పటికి తెలియదు.)

కొన్ని వారాలు ఓపిక పట్టి, బొమ్మలు వేసే మాస్టారు ఎదురు తిరిగారు. "ఎన్ని కోరలో చెప్పకపోతే ఎలాగమ్మా? గాలికి బొమ్మ గియ్యనా?" అన్నారు. ఆయన ఏ రాక్షసుణ్ణి గీసినా చివరికి నాటకంలో వేషం కట్టిన మా మావయ్యలాగే ఉండేవాడు. నా ఘుర్ఘురులకి ఆ గతి పట్టనివ్వదలచుకోలేదు. "చూసినవాళ్ళెవరూ చెప్పడానికి మిగల్లేదండి" అన్నాను. ఆయన తిన్నగా ఎడిటరుగారి గదిలోకి వెళ్ళారు. కాసేపటికి నాకు పిలుపొచ్చింది.

"ఏంటమ్మా ఈ పంతం? వాళ్ళెలా ఉంటారో రాస్తావా, సీరియల్ ఆపెయ్యమంటావా?" అన్నారు ఎడిటరుగారు. నా పేరు అచ్చులో కనపడేది ఆ ఒక్క చోటే. అయినా ఒళ్ళు మండిపోయింది. "రాయనండి" అనేశాను.

నేను వర్ణన ఇవ్వలేదు, మాస్టారు బొమ్మ ఇవ్వలేదు. పేజీలో బొమ్మకని విడిచిన చోటు ఖాళీగా మిగిలింది. ఖాళీ కనపడితే చాలు, సొరుగులో చేతికందిన పాత బొమ్మ బ్లాకు (బొమ్మని అచ్చువేసే దిమ్మ) పెట్టి నింపెయ్యడం మా ప్రెస్సులో పేజీలు కట్టే బాబాయికి అలవాటు. ఆ వారం ఆయన చేతికందింది సంపాదకీయం పైన వేసే ఎడిటరుగారి ఫొటో బ్లాకు. కింద "ఇదిగో ఘుర్ఘురుడు!" అన్న మాట ముందే కంపోజై ఉంది. పత్రిక అలాగే ఊరంతా వెళ్ళిపోయింది.

"నేనా ఘుర్ఘురుణ్ణి?" ఎడిటరుగారి కేకకి ప్రెస్సు ఆగిపోయింది. "కాదని సవరణ రాయి! వాళ్ళు నాలా ఉండరని, మరెలా ఉంటారో వివరంగా రాయి!"

"మీలా ఉండరని రాస్తానండి. ఎలా ఉంటారో మాత్రం రాయను."

తరువాతి వారం నా సవరణ అచ్చయింది: "ఘుర్ఘురులు మా ఎడిటరుగారిలా ఉండరు. ఆయన నడిచిన తోటలో అరటిగెలలు పండుతాయి." నా సీరియల్‌లో అదే ఆఖరి ముక్క.

ఈ కథ విన్నప్పుడల్లా మా అమ్మాయి, "పోనీ నాకైనా చెప్పమ్మా, ఎలా ఉంటారు?" అని బతిమాలుతుంది. "చెప్పనే" అంటాను. నిజానికి నాకూ తెలియదు. తెలిసినా చెప్పను. ఉన్న ఒక్క సీరియలూ పోతున్నా నోరు విప్పని పొగరుబోతు పిల్ల ఒకతె ఉండేది. ఇప్పుడు నేను కోరలు లెక్కపెట్టడం మొదలుపెడితే, దానికి నా మొహం ఎలా చూపించను?