ఉరిశిక్ష సినిమాకు నేను చెప్పిన తెలుగు

నీతిమంతుల మీదా పాపుల మీదా ఒకే సూర్యుణ్ణి ఉదయింపజేసే తండ్రికి స్తోత్రం. వరంగల్లు వాళ్లకు ఆ సూర్యుణ్ణి కొంచెం ఎక్కువే ఇచ్చాడు, దానికీ స్తోత్రం.

పంతొమ్మిది వందల డెబ్భైల చివరి సంవత్సరాల మాట. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ ప్రతి ఆదివారం పాసింజరు బండిలో మా ఆరాధనకు వచ్చేది. పొలం నీళ్ల గొడవలో ఆమె కొడుకు తన చిన్నాయన కొడుకును గొడ్డలితో నరికాడు. పైకోర్టు కూడా ఉరే ఖాయం చేసింది. ఇక మిగిలింది రాష్ట్రపతికి పెట్టుకునే క్షమాభిక్ష అర్జీ. పెద్దమనుషుల సంతకాలుంటే బలంగా ఉంటుందని వకీలు చెప్పాడట. ఆమెకు తెలిసిన పెద్దమనుషులు మేమే. పాపం, అంతకన్నా మంచివాళ్లు దొరకలేదు.

మా సంఘ పెద్దల మనసు మెత్తబడాలని పాస్టరుగారు ఉరిశిక్ష మీద తీసిన ఒక ఇంగ్లీషు డాక్యుమెంటరీ తెప్పించారు. మధ్యాహ్నం ఆరాధన అయ్యాక కిటికీలకు జంపఖానాలు కట్టాం. గోడమీది సిలువను కప్పేస్తూ తెల్ల దుప్పటి దించాం. ఉరి సంగతి తెలుసుకోవడానికి మాకు సిలువ అడ్డమొచ్చింది మరి.

తెలుగులో చెప్పే పని నాది. మిషనరీ దొరల ప్రసంగాలకు తర్జుమా చేసి పేరు తెచ్చుకున్నవాణ్ణి. దొర ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. సినిమా ఆగదని మైకు పట్టుకున్నాకే తెలిసింది. మూడో నిమిషానికే వెనకబడ్డాను. వెనకబడ్డ బోధకుడికి తెలిసిన దారి ఒకటే, సొంతంగా బోధించడం. తెరమీద ఒక ముసలాయన ఈ శిక్ష ఎందుకు తప్పో చెబుతుంటే నేను, నరుని రక్తం చిందించినవాడి రక్తమూ చిందాలనే ఆదికాండము తొమ్మిదో అధ్యాయం అందుకున్నాను. ఖైదీ తల్లి సంచి పట్టుకుని జైలు గేటు ముందు నిలబడితే పాపానికి వచ్చే జీతం మరణమని వివరించాను. మూడుచోట్ల ఆమేన్ కూడా వచ్చింది.

జంపఖానాలు విప్పాక పాస్టరుగారు తన సంతకం పెట్టి, అర్జీని పెద్దల ముందుంచారు. సంఘ కార్యదర్శి జేబులోని రెండు పెన్నులనూ తడుముకున్నాడు.

"సారు గింత మంచిగ వాక్యం చెప్పినంక ఇగ సంతకమేంది అయ్యగారూ? దేవుని తీర్పుకు అడ్డం పోతమా?"

"నాది సర్కారు నౌకరి," అన్నాడు కోశాధికారి. "ప్రార్థన చేద్దాం. ప్రార్థనకైతె ఏ ఆఫీసరు మెమో ఇయ్యడు."

అవ్వ నా దగ్గరికొచ్చింది. "నువ్వన్న పెట్టు బిడ్డా."

నా ప్రసంగాన్ని నేనే ఎలా కాదంటాను? అంత బాగా వచ్చింది కదా. "నేను ప్రార్థన చేస్తనవ్వా," అన్నాను.

"చెయ్యి. అది గూడ చెయ్యి."

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి కూరగాయలమ్మే ఒకామె లేచింది. "సారు ఏందేందో చెప్పిండు గని, గా తల్లి గేటు కాడ ఎందుకు నిలవడ్డదో మాకెరుకే. సిరా ఉంటె ఇటు తేండి అయ్యగారూ. మాకు సదువు రాదు, ఏలుముద్ర వస్తది."

చాపల మీది ఆడవాళ్లందరూ వరసగా వచ్చి వేలిముద్రలు వేశారు. అర్జీ పాస్టరుగారి సంతకంతో, వాళ్ల వేళ్లతో ఢిల్లీకి పోయింది.

చాలాకాలానికి ఉరి కాస్తా యావజ్జీవమైంది. ఆ ఆదివారం కార్యదర్శి అరగంట సాక్ష్యం చెప్పాడు. పెద్దల ప్రార్థనా బలం ఎంతటిదో ఆ రోజే తెలిసింది మాకు. అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

ఆరాధన అయ్యాక అవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది. "నీ ప్రార్థన దేవుడు ఇన్నడు బిడ్డా."

"దేవునికే మహిమ," అన్నాను, చాలా వినయంగా. ఆ ప్రార్థన నేను ఒక్కరోజు కూడా చేయలేదు. మరిచిపోయాను.

అవ్వ ఇప్పుడు లేదు. ఆమెతో ఒప్పుకునే వీలు లేదు గనుక ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఇది చదివేవాళ్లు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలవండి. ఆమె కొడుకు కోసం, అతని చేతిలో పోయినవాడి ఇంటివాళ్ల కోసం ప్రార్థన చేద్దాం. ఆ తల్లికి నేను బాకీపడ్డ ప్రార్థన అది. ఒక్కణ్ణే మొదలుపెట్టడానికి నాకు సిగ్గుగా ఉంది.